ముగ్గురు జేమ్స్ విల్సన్‌లు, ముగ్గురిదీ స్కాట్లండే: బడ్జెట్ ఆయన ఎవరు, విగ్గు ఆయన ఎవరు?

తెనాలి_అభ్యర్థి (సోమవారం, రాత్రి 9:12)
అందరికీ నమస్కారం. గ్రూప్–2కి చదువుతున్నాను. ఎకానమీ నోట్సులో "భారతదేశపు తొలి బడ్జెట్, 1860, జేమ్స్ విల్సన్" అని ఉంది. పక్కనే ఆయన బొమ్మ. చూస్తే తల మీద తెల్ల విగ్గు, ముక్కు మీద గుండ్రటి కళ్ళద్దాలు. 1860లో కూడా విగ్గులేంటి అని డౌటొచ్చి కింద పేరా చదివాను. స్కాట్లండ్‌లో పుట్టాడు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు, ది ఎకనామిస్ట్ పత్రిక పెట్టాడు, మన దేశంలో ఆదాయపు పన్ను తెచ్చాడు. అన్నీ ఒక్కడే! 1776లో సంతకం పెట్టిన మనిషి 1860లో కలకత్తా వచ్చి బడ్జెట్ ఎలా చదివాడండీ? నోట్సు ఎవరిదో చెప్పను, ఫీజు మొత్తం కట్టేశాను.

లెక్కల మాస్టారు (రాత్రి 9:31)
అమ్మా, నీ డౌటు నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. ఇద్దరు మనుషుల్ని తెచ్చి ఒకే పేరాలో పడేశారు. విగ్గు ఆయన 1798లో పోయాడు. బడ్జెట్ ఆయన పుట్టిందే 1805లో.

నీకు పరీక్షకి కావాల్సింది రెండో ఆయన. స్కాట్లండ్ దక్షిణపు కొసన, ఇంగ్లండ్ సరిహద్దుకి దగ్గర్లో హావిక్ అని ఉన్ని మిల్లుల ఊరు ఉంది. అక్కడ క్వేకర్ల (క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలోనే టోపీల తయారీ పనిలో పెట్టారు. తర్వాత అన్నతో కలిసి లండన్ వెళ్ళి అదే వ్యాపారం. బాగా సంపాదించాడు. 1837 మాంద్యంలో, డబ్బు పెట్టిన నీలిమందు ధర పడిపోయి చాలావరకు పోగొట్టుకున్నాడు కూడా. 1843లో ది ఎకనామిస్ట్ పెట్టాడు. బయటి నుంచి వచ్చే ధాన్యం మీద సుంకాలు ఉండకూడదన్నది దాని మొదటి పోరాటం. పార్లమెంటు సభ్యుడయ్యాడు, బ్రిటిష్ ట్రెజరీలో ఆర్థిక కార్యదర్శి అయ్యాడు. మధ్యలో 1853లో ఒక బ్యాంకుకి చార్టరు, అంటే రాణి అనుమతి పత్రం, తెచ్చాడు: చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆస్ట్రేలియా అండ్ చైనా. ఇవాళ్టి స్టాండర్డ్ చార్టర్డ్‌లో "చార్టర్డ్" అన్న సగం అదే.

1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడి ఖజానా లోటులో పడింది. లెక్కలు సర్దడానికి ఆయన్ని గవర్నర్ జనరల్ కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా పంపారు. 1859 నవంబరులో దిగాడు. 1860 ఆగస్టు 11న కలకత్తాలో విరేచనాల జబ్బుతో పోయాడు. పట్టుమని ఏడాది కూడా లేడు. ఆ కాస్తలోనే బడ్జెట్, ఆదాయపు పన్ను, కాగితపు నోట్ల ప్రతిపాదన, మూడూ పెట్టేశాడు.

ఫిలడెల్ఫియా వదిన (రాత్రి 9:50)
విగ్గు ఆయన సంగతి నేను చెప్తాను. మా ఊరాయనే.

స్కాట్లండ్‌లో ఫైఫ్ ప్రాంతం, సీరెస్ దగ్గర ఒక పొలంలో 1742లో పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్‌లో చదివి 1765లో ఫిలడెల్ఫియా వచ్చాడు. జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకున్నాడు. స్వాతంత్ర్య ప్రకటన, అమెరికా రాజ్యాంగం, రెండింటి మీదా సంతకాలున్నవాళ్ళు ఆరుగురే. అందులో ఈయన ఒకడు. 1787 రాజ్యాంగ సభలో గవర్నర్ మోరిస్ తర్వాత అంతగా మాట్లాడింది ఈయనే. (గవర్నర్ అన్నది ఆ మోరిస్ పేరండీ, పదవి కాదు. ఇంకో కన్ఫ్యూజన్ మొదలవకుండా ముందే చెప్తున్నా.) అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టాడు. అది సాగక ఎలక్టర్ల పద్ధతి, అంటే మధ్యలో కొందరు ప్రతినిధులు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి, ముందుకు తెచ్చాడు. నాలుగేళ్ళకోసారి మనం టీవీ ముందు కూర్చుని తిట్టుకునేది దాన్నే. 1789లో వాషింగ్టన్ ఆయన్ని తొలి సుప్రీంకోర్టు జడ్జీల్లో ఒకరిగా వేశాడు.

ఇంత చేసినా టూరు గైడ్లు ఆయన పేరు ఎత్తరు. ఫ్రాంక్లిన్, జెఫర్సన్ దగ్గరే అయిపోతుంది.

అనంత_వేరుశనగ (రాత్రి 10:05)
ఇద్దరితో ఆపేస్తున్నారేం? మూడో జేమ్స్ విల్సన్ ఉన్నాడు. వ్యవసాయ శాఖలో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది ఈయనొక్కడే.

1835లో ఎయిర్‌షైర్‌లో పుట్టాడు, అదీ స్కాట్లండే. పిల్లవాడిగా ఉండగానే కుటుంబం అమెరికా వెళ్ళిపోయింది. చివరికి అయోవా రాష్ట్రం, టామా కౌంటీలో పొలం పెట్టుకున్నారు. ఈయన రైతు, కాంగ్రెస్ సభ్యుడు, అయోవా వ్యవసాయ కాలేజీలో ప్రొఫెసర్. జార్జ్ వాషింగ్టన్ కార్వర్, అదే వేరుశనగ మీద పరిశోధనలతో పేరొచ్చిన కార్వర్, అక్కడ చదువుకునే రోజుల్లో ఆయనకి అండగా నిలిచినవాళ్ళలో ఈయన ఒకడు. 1897 నుంచి 1913 దాకా అమెరికా వ్యవసాయ మంత్రి. మెకిన్లీ, రూజ్‌వెల్ట్, టాఫ్ట్, ముగ్గురు అధ్యక్షులు మారినా ఈయన మాత్రం కుర్చీలో కదల్లేదు. ఆ దేశంలో అంతకాలం కేబినెట్‌లో ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

కరీంనగర్ తమ్ముడు (రాత్రి 10:09)
ఇదేం లొల్లి అన్నా. స్కాట్లండ్‌ల పేర్లే దొరకలేదా?

అనంత_వేరుశనగ (రాత్రి 10:14)
తమ్ముడూ, అసలు కథ విను. అయోవా నుంచే ఇంకో జేమ్స్ విల్సన్ సెనేటర్‌గా ఉన్నాడు, జేమ్స్ ఎఫ్. విల్సన్. 1883 నుంచి రెండేళ్ళు మావాడు కింది సభలో, ఆయన పై సభలో. ఒకే రాష్ట్రం, ఒకే పార్టీ, ఒకే పేరు. పత్రికలవాళ్ళకి తల తిరిగిపోయి ఉంటుంది. అందుకే మావాడు "టామా జిమ్", సెనేటరేమో "జెఫర్సన్ జిమ్". జిమ్ అంటే జేమ్స్‌కి ముద్దుపేరు. ఎవరి కౌంటీ పేరు వాళ్ళకి తగిలించారు. మా ఊళ్ళో ఇద్దరు వెంకటరాముళ్ళని చెరువుకట్ట వెంకటరాముడు, మిల్లు వెంకటరాముడు అన్నట్టే.

కైఫీయతు కిట్టయ్య (రాత్రి 10:40)
పేర్లు దొరకలేదా అన్న తమ్ముడికి జవాబు. దొరక్క కాదు, వాళ్ళ ఆనవాయితీ అది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. ఆడపిల్లలకీ ఇలాంటి వరసే, పెద్దమ్మాయికి అమ్మమ్మ పేరు. అందరూ తు.చ. తప్పకుండా పాటించారని కాదు గానీ బాగా నడిచిన పద్ధతి. ఒక జేమ్స్‌కి నలుగురు కొడుకులుంటే, ఆ నలుగురికీ పుట్టిన పెద్దకొడుకులు నలుగురూ జేమ్స్‌లే. ఇంటిపేరూ ఒకటే. దానికి తోడు జేమ్స్ అన్నది వరసగా ఐదుగురు స్కాటిష్ రాజుల పేరు.

ఈశాన్య తీరంలో బకీ లాంటి చేపలరేవుల్లో సమస్య మరీ ముదిరింది. ఊరు ఊరంతా రెండు మూడు ఇంటిపేర్లే. మారుపేరు లేకపోతే మనిషిని గుర్తుపట్టే దారి లేదు. ఆ మారుపేర్లని "టీ-నేమ్" అంటారు. వాటిని అధికారిక జాబితాల్లో కూడా అసలు పేరు పక్కన రాసేవారు.

మనకి దగ్గర ఉదాహరణ మెకంజీలు. కైఫీయతులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలో స్టోర్నవే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని పనిలో పెట్టుకుని మన ఊళ్ళ చరిత్రలు సేకరించాడు. అమరావతి స్తూపం గురించి మొదట రాసినవాడు. సరిగ్గా అదే స్టోర్నవేలో పుట్టాడు అలెగ్జాండర్ మెకంజీ. కెనడాలో 1789లో ఆర్కిటిక్ సముద్రం దాకా, 1793లో పసిఫిక్ దాకా వెళ్ళినవాడు. అక్కడి మెకంజీ నదికి ఆయన పేరే. మళ్ళీ కెనడాకే రెండో ప్రధానమంత్రి పేరు అలెగ్జాండర్ మెకంజీ. తాపీమేస్త్రీగా మొదలైన మనిషి, ఆయనా స్కాట్లండ్‌లో పుట్టినవాడే, కానీ వేరే ఊరు. ఎడిన్‌బరోలో పుట్టిన సంగీతకర్త ఒకాయన కూడా అలెగ్జాండర్ మెకంజీయే. ఇంకా...

నిర్వాహకుడు (రాత్రి 10:44)
కిట్టయ్యగారూ, మీరు మెకంజీల్లోకి దిగితే తెల్లారిపోతుంది. వాళ్ళకి వేరే చర్చ తెరుద్దాం. ఇక్కడ విల్సన్‌లు మాత్రమే.

తెనాలి_అభ్యర్థి (మంగళవారం, మధ్యాహ్నం 1:20)
అందరికీ థ్యాంక్స్ అండీ. నోట్సు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. పీడీఎఫ్‌లో బొమ్మ మార్చి పంపారు. ఇప్పుడు తెల్ల గడ్డం ఉన్నాయన వచ్చాడు. కింద క్యాప్షన్‌లో "వ్యవసాయ కార్యదర్శి" అని కూడా ఉంది, తీసేయడం మర్చిపోయినట్టున్నారు.

అనంత_వేరుశనగ (మధ్యాహ్నం 1:24)
😂 టామా జిమ్!

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 2:02)
నవ్వుకున్నాం గానీ అసలు మన జిల్లాలకి సంబంధించిన సంగతి ఇందులో ఒకటుంది. అది నోట్సుల్లో రాదు, మెయిన్స్‌లో రాస్తే మాత్రం మార్కులు పడతాయి.

1860 చట్టం ప్రకారం ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి పన్ను లేదు. 200 నుంచి 500 దాకా 2 శాతం, ఆపైన 4 శాతం. ఐదేళ్ళ గడువుతో పెట్టారు. జూలై 24న చట్టమైంది. అందుకే ఆదాయపు పన్ను శాఖ ఇప్పటికీ ఆ రోజున ఉత్సవం చేసుకుంటుంది. చట్టం వచ్చిన మూడు వారాల్లోపే విల్సన్ పోయాడు.

దీన్ని గట్టిగా ఎదిరించింది ఎవరో తెలుసా? మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా కదా. ఆయన వాదన సూటిగా ఉంది: సైన్యం ఖర్చు తగ్గించండి, కొత్త పన్ను అక్కర్లేదు, జనం మీద రుద్దితే ప్రమాదం. కౌన్సిల్లో చెప్పి ఊరుకోలేదు, తన అసమ్మతి పత్రాన్ని మద్రాసు పత్రికలకి ఇచ్చేశాడు. గవర్నరే సర్కారు పన్ను మీద పేపరుకెక్కాడు! లండన్ వాళ్ళు ఆయన్ని వెనక్కి పిలిచేశారు. బదులుగా వచ్చిన సర్ హెన్రీ వార్డ్ కొద్ది వారాల్లోనే కలరాతో పోయాడు. అది కూడా 1860 ఆగస్టే.

ఇంకో విశేషం. ట్రెవెల్యన్, విల్సన్ ఇద్దరూ లండన్ ట్రెజరీలో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళే. ఒకరి లెక్కలు ఒకరికి క్షుణ్ణంగా తెలుసు.

గోదారి గట్టు (మధ్యాహ్నం 2:30)
మాస్టారూ, ట్రెవెల్యన్‌ని మరీ ప్రజల మనిషిని చేయకండి. ఐర్లండ్ కరువప్పుడు ట్రెజరీలో కూర్చుని సాయం బిగబట్టింది ఆయనే. విల్సన్ పత్రికా అప్పుడు సర్కారు సాయం వద్దనే రాసింది. ఇద్దరూ ఒక తాను గుడ్డలే.

ఆ పన్ను ఎందుకు వేశారు? తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చు రాబట్టడానికి. మనవాళ్ళని కొట్టడానికి అయిన బిల్లు మనకే పంపారు. దానికి "తొలి బడ్జెట్" అని గొప్పగా పేరు.

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 2:51)
గోదారిగారూ, బిల్లు విషయంలో మీతో గొడవ లేదు. కానీ ఒకటి చూడండి. అంతకుముందు భారమంతా ఎవరి మీద ఉండేది? భూమిశిస్తు కట్టే రైతు మీద, ఉప్పు కొనే కూలి మీద. వర్తకుడు, ప్లీడరు, పెద్ద జీతం తీసుకునే దొర, వీళ్ళని తాకిన పన్ను ఇదే. కలకత్తా, మద్రాసుల్లో తెల్ల వ్యాపారులు కూడా గోల చేశారంటే ఊరికే కాదు. విల్సన్‌ని మెచ్చుకోమనడం లేదు. పన్ను ఎవరి జేబులోంచి వచ్చిందో చూడమంటున్నాను.

గోదారి గట్టు (మధ్యాహ్నం 3:05)
దొర కట్టాడు సరే. రైతు శిస్తు తగ్గిందా మరి? లేదు కదా. పాతది అలాగే ఉంచి పైన కొత్తది వేశారు.

కరీంనగర్ తమ్ముడు (మధ్యాహ్నం 3:11)
మాది అప్పుడు నిజాం రాజ్యం, ఈ చట్టం మా దిక్కు రాలే. మాకు వేరే బాధలు ఉండె. 🙂

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 3:20)
కొసమెరుపు చెప్పడం మర్చిపోయాను. వెనక్కి పిలిపించిన ట్రెవెల్యన్‌నే కొన్నాళ్ళకి విల్సన్ కూర్చున్న కుర్చీలోకి, అంటే ఆర్థిక సభ్యుడిగా, మళ్ళీ పంపారు. ఐదేళ్ళ గడువు తీరబోతూ 1865 బడ్జెట్ పెట్టినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. పన్నుని పొడిగించలేదు, పోనిచ్చాడు. మద్రాసు జార్జిటౌన్‌లో ట్రెవెల్యన్ బేసిన్ వీధి అని ఇప్పటికీ ఉంది. విల్సన్‌కి మాత్రం కలకత్తా మల్లిక్ బజార్ శ్మశానంలో సమాధి. దాన్నీ అందరూ మర్చిపోతే, 2007లో ఆదాయపు పన్ను శాఖ అధికారి ఒకాయనే వెతికి పట్టుకున్నాడు. ఎంతైనా సొంత శాఖ.

ఫిలడెల్ఫియా వదిన (సాయంత్రం 6:45)
సమాధుల మాట వచ్చింది కాబట్టి మా జడ్జిగారి చివరి రోజులు చెప్పాల్సిందే. మీ టోపీల విల్సన్ నీలిమందులో మునిగినా ఆస్తులు అమ్మేసి దివాలా గడప తొక్కకుండా బయటపడ్డాడు. మావాడి వల్ల కాలేదు.

ఆయనకి భూముల పిచ్చి. పడమటి వైపు వేల ఎకరాలు అప్పుల మీద కొన్నాడు. 1790ల చివర్లో ధరలు పడిపోయాయి. ఆగలేదు, ఇంకా కొన్నాడు. సుప్రీంకోర్టు జడ్జిగా ఉంటూనే అప్పు కట్టలేక న్యూజెర్సీలో బర్లింగ్టన్ జైలుకి వెళ్ళాడు. బయటికొచ్చి నార్త్ కరోలినాలో ఈడెంటన్ అనే చిన్న ఊరికి పారిపోయాడు. అది సాటి జడ్జి జేమ్స్ ఐరెడెల్ సొంతూరు. అప్పులవాడు అక్కడికీ వెంటపడ్డాడు. ఆ అప్పులవాడు ఎవరనుకున్నారు? పియర్స్ బట్లర్, రాజ్యాంగం మీద ఈయనతో పాటు సంతకం పెట్టిన పెద్దమనిషి. మళ్ళీ జైలు. తర్వాత మలేరియా, దాని మీద పక్షవాతం. 1798 ఆగస్టులో, 55 ఏళ్ళకి పోయాడు. జడ్జి పదవికి రాజీనామా కూడా చేయలేదు.

పొరుగూళ్ళో ఎవరి తోటలోనో పూడ్చారు. 1906లో గానీ ఫిలడెల్ఫియాకి తేలేదు. ఎవరైనా ఈ ఊరు వస్తే చెప్తున్నా: ఫ్రాంక్లిన్ సమాధి ఐదో వీధిలో, అక్కడ వెతక్కండి. ఈయన ఉన్నది రెండో వీధిలో క్రైస్ట్ చర్చి గోడ పక్కన. అదే ప్రాంగణంలో రాబర్ట్ మోరిస్ కూడా ఉన్నాడు, స్వాతంత్ర్య యుద్ధకాలంలో అమెరికా ఖజానా చూసిన మనిషి. ఆయనా భూములు కొని అప్పులపాలై జైల్లో ఉన్నవాడే.

కైఫీయతు కిట్టయ్య (రాత్రి 8:15)
వదినగారూ, జాలిపడుతూ ఒకటి వదిలేశారు. రాష్ట్రాల సీట్ల కోసం జనాభా లెక్క కట్టేటప్పుడు బానిసల్ని ఐదింట మూడు వంతులుగా లెక్కించాలన్న ప్రతిపాదనని ఆ రాజ్యాంగ సభలో పెట్టింది ఈయనే. జనమే సార్వభౌములు అని చెప్పిన నోటితోనే. 1779లో ఫిలడెల్ఫియా జనం తుపాకులు పట్టుకుని ఆయన ఇంటి మీదికే వెళ్ళారు. బ్రిటిష్ పక్షం వాళ్ళ కేసులు వాదించాడని, ధరల నియంత్రణ వద్దన్నాడని కోపం. మనుషులు చచ్చిపోయారు. దాన్ని "ఫోర్ట్ విల్సన్" గొడవ అంటారు.

ఫిలడెల్ఫియా వదిన (రాత్రి 8:32)
వదిలేయలేదు కిట్టయ్యగారూ, అక్కడికే వస్తున్నాను. దక్షిణాది రాష్ట్రాలు సభ వదిలి వెళ్ళిపోకుండా బేరం అది, ఆయన తర్వాత దాన్ని సమర్థించుకున్నాడు కూడా. సమర్థించుకున్నంత మాత్రాన మచ్చ పోదు. కానీ దేశద్రోహం ఆరోపణ ఉన్నవాడి తరఫున వాదించడం తప్పెలా అవుతుంది? లాయరు పనే అది.

అనంత_వేరుశనగ (రాత్రి 8:50)
మచ్చలు లెక్కపెడుతుంటే మావాడివీ రాసుకోండి. కల్తీ ఆహారం మీద 1906 చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. దాని కోసం పోరాడింది ఆయన కింద పనిచేసిన ముఖ్య రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ. చట్టం వచ్చాక ఆహారంలో బెంజోయేట్ (నిల్వ ఉండటానికి వాడే రసాయనం) కలపడం మీద కంపెనీలు మొరపెట్టుకుంటే విల్సన్ వైలీ వైపు నిలబడలేదు. విసిగిపోయి వైలీ 1912లో వెళ్ళిపోయాడు. పైవాడు ఫైలు నొక్కితే కిందివాడి గతి ఏంటో ఏ శాఖలో పనిచేసినవాడికైనా తెలుసు.

హడ్సన్_హనుమంతు (రాత్రి 9:10)
కొత్తగా చేరాను. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఈ జడ్జి విల్సన్ మనవడి వంశమే కదా? ఎక్కడో చదివాను.

కైఫీయతు కిట్టయ్య (రాత్రి 9:26)
కాదు. కానీ మీరు చదివినచోట ఎందుకు కలిపేశారో చెప్పగలను. ఉడ్రో విల్సన్ తాతగారి పేరు కూడా జేమ్స్ విల్సనే! ఐర్లండ్ ఉత్తరాన స్ట్రబేన్ దగ్గర నుంచి 1807లో ఫిలడెల్ఫియా వచ్చిన అచ్చుపనివాడు. స్కాట్లండ్ నుంచి తరాల క్రితం అక్కడికి వెళ్ళి స్థిరపడిన అల్స్టర్ స్కాట్‌ల కుటుంబం. జడ్జిగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అదే ఊరు, అదే పేరు.

అనంత_వేరుశనగ (రాత్రి 9:31)
ఇంకా ఉంది. 1913 మార్చిలో ఉడ్రో విల్సన్ గద్దెనెక్కిన రోజుల్లోనే మా టామా జిమ్ మంత్రి పదవి దిగిపోయాడు. ఒక విల్సన్ లోపలికి, ఒక విల్సన్ బయటికి.

కరీంనగర్ తమ్ముడు (రాత్రి 9:33)
నోట్సు వాళ్ళకు ఈ చర్చ చూపెట్టకుండ్రి. నలుగుర్ని కలిపి ఒక్క పేరా చేస్తరు.

తెనాలి_అభ్యర్థి (రాత్రి 10:02)
ఒక్క డౌటు మిగిలిందండీ. 1861 పేపర్ కరెన్సీ చట్టానికి ఆన్సర్ కీలో ఒకచోట విల్సన్ అనీ, ఇంకోచోట లాయింగ్ అనీ ఉంది. ఏది పెట్టాలి?

లెక్కల మాస్టారు (రాత్రి 10:20)
ప్రశ్న సరిగ్గా చదువు తల్లీ. "ప్రతిపాదించింది ఎవరు" అంటే విల్సన్, 1860లో. చట్టం అయ్యేసరికి ఆయన లేడు. ఆ కుర్చీలో ఉన్నది శామ్యూల్ లాయింగ్, ఎడిన్‌బరో మనిషి. "చట్టం వచ్చినప్పుడు ఆర్థిక సభ్యుడు" అని అడిగితే లాయింగ్ పెట్టు. బొమ్మ కోసం మాత్రం వెతకొద్దు. వాళ్ళ నాన్న పేరు కూడా శామ్యూల్ లాయింగే. ఓర్క్నీ దీవుల్లో పుట్టి, నార్వే రాజుల గాథలు ఇంగ్లీషులోకి తెచ్చి, ఆయనా పేరు మోసినవాడే.